ఫ్రోజెన్ 2నా, డ్రాగన్ 2నా: పిల్లలకు ఏది మేలు?

దసరా సెలవుల్లో ఒక్క పార్ట్ టూ మాత్రమే చూపించే వీలుంటే మా ఓటు ‘హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్ 2’కే. బొమ్మల అందంలో ‘ఫ్రోజెన్ 2’దే పైచేయి, మంచు శక్తులున్న రాణి ఎల్సా రాత్రిపూట సముద్రానికి ఎదురెళ్లే సీను చాలు. తేడా అంతా శక్తుల లెక్కలో, అంటే మాయకు ముందే గీసిన హద్దుల్లో ఉంది.

2013 ఫ్రోజెన్‌లో ఎల్సాకు ఈ మంచు శక్తి పుట్టుకతో వచ్చిందా, శాపమా అని ముసలి ట్రోల్ (రాతిబొమ్మలాంటి మాయజీవి) అడిగితే, పుట్టుకతోనే అని ఆమె తండ్రి రాజు తేల్చేస్తాడు, ఎందుకో చెప్పడు. 2019 సీక్వెల్ ఆ ఖాళీలోంచే కథ తోడింది. కానీ గాలి, నిప్పు, నీరు, నేల నాలుగింటి ఆత్మలనూ ఒకేసారి దింపేసింది. పంచభూతాలు తెలిసిన మన పిల్లలు ఐదోది ఆకాశం అనుకుంటారు, తీరా చూస్తే ఎల్సానే! నిప్పు బల్లికి, నీటి గుర్రానికి మంచి సీన్లు దక్కాయి. రాతి రాక్షసులు మాత్రం ఆనకట్ట కూల్చడానికే వచ్చినట్టుంటారు. ఎల్సా వెతికే మాయా నదిలో మరీ లోతుకు పోతే మునిగిపోతావన్న షరతు గట్టిదే. ఎల్సా గడ్డకట్టుకుపోతుంది కూడా. కాసేపటికే లేచొస్తుంది.

డ్రాగన్ అలా కాదు. 2010 సినిమాలోనే గూట్లో ఒక మహాకాయం ఉంటుంది, మిగతావన్నీ దానికి మేత మోస్తాయి. మోయకపోతే అవే మేత. అందుకే 2014లో ‘ఆల్ఫా’ అనే పెద్ద డ్రాగన్ వచ్చి మందనంతా లొంగదీస్తే అతికించినట్టు అనిపించదు. హీరో కుర్రాడు హికప్ పెంచుకునే డ్రాగన్ టూత్‌లెస్ కూడా లొంగి అతని మీదికే నిప్పు కక్కుతుంది, అడ్డొచ్చిన తండ్రి స్టోయిక్ చనిపోతాడు. ఆ చావును వెనక్కి తీసుకోలేదు. హికప్ కత్తి చూడండి: బ్లేడుకు ఒక జాతి డ్రాగన్ జిగురు పూస్తే మండుతుంది, రెండో కొసలోంచి ఇంకో జాతి గ్యాస్ వస్తుంది. అన్నీ మొదటి భాగంలో చూసిన జాతులే. ఒక్క లోపం: ఏ డ్రాగనైనా ఇన్నిసార్లే నిప్పు కక్కగలదని మొదటి సినిమాలో చెప్పిన లెక్క ఆఖరి పోరులో ఎవరికీ పట్టదు.

ఫ్రోజెన్ 2 గెలిచేది ఆనకట్ట దగ్గర. ఎల్సా తాత అడవి జనానికి కానుకగా కట్టించింది వాళ్లను బలహీనపరచడానికేనని బయటపడుతుంది. మన ప్రాజెక్టులు అలాంటి కుట్రతో కట్టినవి కావనుకోండి. అయినా శ్రీశైలం ముంపు వల్ల కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన ప్రాంతం మనది, కట్టకు రెండు వైపులా మనుషులుంటారని ఇక్కడి పిల్లలకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆరేళ్లలోపు వాళ్లుంటే మాత్రం ఫ్రోజెన్ 2నే పెట్టండి. తండ్రి చావు సీను చిన్నవాళ్లకు బరువు. పైగా తెలుగులో పెద్ద ఎల్సాకు నిత్యా మీనన్, చిన్న ఎల్సాకు సితార ఘట్టమనేని గొంతిచ్చారు. రెండూ గంటా నలభై నిమిషాల పైచిలుకే. మొదటి భాగాలకు టైం లేకపోతే ట్రోల్ సీను, డ్రాగన్ గూడు సీను ముందు చూపించండి.