కొమ్మలు, రాళ్లు కదలకుండా: సక్షన్ కప్పులా, సిలికానా?

పెంపుడు బల్లిని ఉంచే అద్దాల పెట్టెలో, అది ఎక్కగానే కొమ్మ జారి దాని మీదే పడితే ఎముక విరగొచ్చు. అందుకే ఈ పోలిక.

సక్షన్ కప్పులు (అద్దానికి నొక్కితే అతుక్కునే మెత్తటి కప్పులు) పెట్టడం తేలిక, తీసి కడగడమూ తేలిక. కానీ ల్యాంప్ వేడికి, అద్దం మీద చేరే తేమకి పట్టు సడలుతుంది. ప్లాస్టిక్ ఆకుల తీగకి సరే, బరువైన కొమ్మకి మాత్రం నేను నమ్మను.

సిలికాన్ అంటే పూసి ఆరబెట్టే జిగురు, దాని పట్టు గట్టిది. బూజు మందు కలపని, అక్వేరియం రకమే తీసుకోండి. చాలా రకాలు ఆరేటప్పుడు ఘాటుగా వెనిగర్ వాసన వేస్తాయి. కనీసం 24 గంటలు, మందంగా పూస్తే ఇంకొన్ని రోజులు, వాసన పూర్తిగా పోయేదాకా జీవిని లోపల వదలొద్దు. తర్వాత మార్చాలంటే బ్లేడుతో గీకాల్సిందే.

పెద్ద రాళ్లని సిలికాన్‌తో అతికించినా, ఇసుక పోయకముందే నేరుగా అడుగున ఆనించండి. తవ్వే జీవైతే ఇసుక మీది రాయి కింద నలిగిపోతుంది. టేపు అసలు వద్దు, అంటుకుంటే చర్మం ఊడొస్తుంది.