రోడ్డుకు బిరుదు ఇస్తే కాఫీ దొరుకుతుందా?

మా నాన్నగారు ఆర్ అండ్ బి శాఖలో ఏఈగా చేరి ఈఈగా రిటైరయ్యారు. ఆయనను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఊళ్ళు చూపించడం కష్టం. మనం కొండను చూపిస్తే ఆయన కొండకింద కల్వర్టును చూస్తారు. అందుకే ఈసారి అమ్మా నాన్నలు సియాటిల్ వచ్చినప్పుడు, రోడ్డే చూడదగ్గ వస్తువుగా ఉన్న యాత్ర పెట్టుకున్నాం. కాస్కేడ్ లూప్ అంటారు. సియాటిల్ శివారు బోతెల్‌లో మా ఇంటి దగ్గర బయలుదేరి, ఉత్తరాన 20వ నంబరు రాష్ట్ర రహదారి మీదుగా కొండలు దాటి, మెథౌ లోయ, షెలాన్ సరస్సు, వెనాచీ చూసుకుని, దక్షిణాన యూఎస్ 2 అనే జాతీయ రహదారి మీదుగా మళ్ళీ ఇంటికి. మొత్తం 400 మైళ్ళకు పైనే. సెప్టెంబరు ఆఖరు వారంలో, శుక్రవారం నుంచి ఆదివారం దాకా, రెండు రాత్రుల బస.

కొండల మొదట్లో ఉన్న మార్బుల్‌మౌంట్ ఊరు దాటిన కాసేపటికి నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న: "హోర్డింగులు ఏవిరా?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ 1967లో ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో కొన్ని రహదారులను 'సీనిక్ అండ్ రిక్రియేషనల్ హైవే'లుగా, అంటే చూడముచ్చటైన, విహారానికి తగిన రహదారులుగా గుర్తించే చట్టం అది. ఏ రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఆ జాబితాలో ఉందో చట్టంలోనే రాసి ఉంటుంది. 1971లో దానికి జోడుగా వచ్చిన మరో చట్టం, ఆ రోడ్ల వెంట ప్రకటనల బోర్డులకు కళ్ళెం వేసింది. దుకాణం ఉన్న చోట ఆ దుకాణం పేరు బోర్డు పెట్టుకోవచ్చు. పెట్రోలు, భోజనం, బస ఎక్కడ ఉన్నాయో చెప్పే నీలం రంగు బోర్డులు ప్రభుత్వమే పెడుతుంది. అంతకు మించి పదిమైళ్ళ దూరంలోని హోటలు గురించి లోయంత బోర్డు పెడతానంటే కుదరదు.

కేంద్రం స్థాయిలో ఇలాంటి పథకం 1991లో వచ్చింది. అందంగానీ ప్రకృతిగానీ చరిత్ర, సంస్కృతి, పురావస్తువులు, విహారంగానీ, ఈ ఆరింటిలో ఒక్కదానిలోనైనా విశిష్టత ఉంటే 'నేషనల్ సీనిక్ బైవే'. కనీసం రెండింటిలో దేశంలోనే సాటిలేనిదైతే 'ఆల్ అమెరికన్ రోడ్'. మేము తిరిగిన కాస్కేడ్ లూప్‌కు జాతీయ గుర్తింపు 2021లో వచ్చింది. సినిమా హీరోలకు ఇచ్చినట్టు రోడ్లకూ బిరుదులు ఇస్తున్నారన్నమాట అని అమ్మ నవ్వింది.

నాన్నగారు మాత్రం నవ్వలేదు. బిరుదుతో పాటు నిధులు వస్తాయా, నిర్వహణ ఎవరిది, పక్క భూమి ఎవరిది అని వరసగా అడిగారు. ఆఖరి ప్రశ్నే అసలుది. మార్బుల్‌మౌంట్ నుంచి మజామా దాకా సుమారు 70 మైళ్ళు రోడ్డుకు రెండు వైపులా ఉన్నది చాలామటుకు జాతీయ విహార ప్రాంతం, జాతీయ అడవి. ప్రైవేటు స్థలం లేని చోట హోర్డింగు ఎలాగూ రాదు. కాబట్టి ఇక్కడి ప్రశాంతతను మొత్తం చట్టం ఖాతాలో వెయ్యకూడదు. ఆ మాట ఆయనే తేల్చారు, నేను ఒప్పుకున్నాను.

ఆ 70 మైళ్ళలో పెట్రోలు బంకు లేదు. ఫోనులో సిగ్నల్ లేదు. పటం ముందే దించుకోవాలి, ట్యాంకు మార్బుల్‌మౌంట్‌లో నింపుకోవాలి. న్యూహేలమ్ దగ్గర సమాచార కేంద్రంలో శుభ్రమైన మరుగుదొడ్లు, మంచినీళ్ళు దొరుకుతాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు అక్కడ ఆగకుండా పోవద్దు. ఆ తర్వాత కనుమల మీద ఉండేవి నీళ్ళు లేని గుంట మరుగుదొడ్లు. శుభ్రంగానే ఉన్నాయిగానీ చేతులు కడుక్కోవడానికి సీసా మనదే. న్యూహేలమ్ అనేది సియాటిల్ నగర విద్యుత్ సంస్థ తన ఉద్యోగుల కోసం కట్టిన ఊరు. స్కాజిట్ నది మీద గోర్జ్, డయాబ్లో, రాస్ అని వరసగా మూడు డ్యాములు. 1930లో పూర్తయినప్పుడు 389 అడుగుల డయాబ్లో డ్యామే ప్రపంచంలో ఎత్తయినది. ఇది వినగానే నాన్నగారిలో ఇంజనీరు నిటారుగా కూర్చున్నాడు. "మన సాగర్ 400 దాటింది, అదీ రాతి కట్టడం" అని లెక్క చెప్పి శాంతించారు.

డయాబ్లో సరస్సు చూసే చోట మాత్రం ముగ్గురం మాట్లాడలేదు. పైనున్న హిమానీనదాలు రాళ్ళను పిండిలా నూరి నీళ్ళలోకి దింపుతాయి. ఆ పిండి అడుక్కు చేరకుండా నీళ్ళలో తేలుతూ వెలుగును చెదరగొడుతుంది. అందుకే ఆ నీలాకుపచ్చ రంగు. నేను 'టర్కాయిస్' అనబోతుంటే అమ్మ అందుకుంది: "మైలుతుత్తం కలిపిన నీళ్ళలా లేదూ? మా నాన్న నిమ్మతోటకు కొట్టడానికి తొట్టిలో కలిపేవాడు, అచ్చం ఇదే రంగు." నేను ఆ సరస్సును నాలుగుసార్లు చూశాను. ఇంతకంటే సరైన పోలిక నాకు దొరకలేదు.

అక్కడి నుంచి రోడ్డు ఎక్కుతూ 4,855 అడుగుల రెయినీ పాస్, తర్వాత 5,477 అడుగుల వాషింగ్టన్ పాస్ అనే కనుమలు చేరుతుంది. రెయినీ పాస్ దగ్గర సరస్సు దాకా ఒక మైలు కాలిబాట, పూర్తిగా చదును చేసి వేసినది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కూడా వెళ్ళి వచ్చింది. అక్కడ కారు నిలపడానికి రోజుకు 5 డాలర్ల అడవి పాసు ఉండాలి. ఈ కొండల్లోని నార్త్ కాస్కేడ్స్ జాతీయ పార్కు ప్రవేశానికి మాత్రం రుసుము లేదు. వాషింగ్టన్ పాస్ దగ్గర చిన్న బాట చివర కటకటాల అంచున నిలబడితే ఎదురుగా లిబర్టీ బెల్ శిఖరం, కింద మనం దిగబోయే మలుపు కనిపిస్తాయి. లార్చ్ చెట్లు అప్పుడప్పుడే పసుపు రంగుకు తిరుగుతున్నాయి. చూడటానికి సరుగుడులాగా సూదుల ఆకులే, కానీ ఇవి శీతాకాలానికి ఆకు రాలుస్తాయి. రాల్చేముందు పండిన వరిచేను రంగుకు వస్తాయి. మరో వారం ఆగితే ఇంకా బాగుండేదని తెలుసు. అయితే అప్పుడు కారు నిలపడానికి చోటు దొరకదనీ తెలుసు.

నాన్నగారిని కదిలించింది శిఖరం కాదు, రోడ్డుకు అడ్డంగా వేసే గేటు. ఈ రహదారి 1972 సెప్టెంబరులో తెరుచుకుంది. మంచుచరియలు విరిగిపడే దారి కాబట్టి నవంబరులోనో డిసెంబరులోనో 134వ మైలు నుంచి 171వ మైలు దాకా మూసేస్తారు. మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో మంచు తవ్వి తెరుస్తారు. మంచు సరిగ్గా పడని 1976-77లో తప్ప ప్రతి చలికాలం మూతే. "ఆరు నెలలు మూసే రోడ్డుకు ఎస్టిమేటు ఎవడు పాస్ చేశాడురా!" అన్నారు. ఆ గొంతులో ఉన్నది విమర్శో అసూయో నాకు తేలలేదు. వేసవిలో కూడా నమ్మకం లేదు. 2023 ఆగస్టులో డయాబ్లో దగ్గరి కార్చిచ్చు వల్ల రోడ్డు మూశారు. బయలుదేరే రోజు ఉదయం రాష్ట్ర రవాణా శాఖ కనుమల సమాచారం చూసుకోవడం తప్పనిసరి.

ఇంతసేపూ అమ్మది ఒకటే వెలితి. నాన్నగారికి పాడేరులో ఉద్యోగం ఉన్న రోజుల్లో అరకు ఘాట్ రోడ్డులో గాలికొండ దగ్గర ఆగి తాగిన కాఫీ ఆమె మరచిపోలేదు. ఇక్కడ అంత ఎత్తున, అంత చలిలో, ఒక్క కాఫీ బల్ల కూడా లేదు. ఫ్లాస్కులో తెచ్చినది న్యూహేలమ్‌లోనే అయిపోయింది. పులిహోర మాత్రం వాషింగ్టన్ పాస్ దగ్గర బల్ల మీద విప్పాం.

విన్‌త్రాప్ ఊరు ఆ రోడ్డు కోసమే వేషం కట్టింది. 1972లో రహదారి తెరుచుకుంటుందనగా, వచ్చేవాళ్ళు ఆగాలని ప్రధాన వీధిలో దుకాణాల ముఖాలన్నీ పాతకాలపు కౌబాయ్ ఊరిలా మార్చేసుకున్నారు. చెక్క పలకల కాలిబాట మీద నడుస్తుంటే టకటక శబ్దం. సాయంత్రం బాగుంటుంది. కానీ ఎనిమిది దాటాక శాకాహార భోజనం కోసం మేము మూడు తలుపులు తట్టాల్సి వచ్చింది. చివరికి చీజ్ పిజ్జాతో సరిపెట్టుకున్నాం.

నది ఒడ్డున కేబిన్‌కు పన్నులతో కలిపి 230 డాలర్లు తీసుకున్నారు. గది వెచ్చగా, నది చప్పుడు దిండుకు ఆనుకుని. వంటగది ఉందని చెప్పి పొయ్యి చూపించారు, గిన్నెలు లేవు. అడిగితే "కొంతమంది తీసుకెళ్ళిపోతారు" అన్నారు. కాఫీ యంత్రంలో పాలు కాచుకోవడం ఎలాగో అమ్మ ఆ రాత్రి కనిపెట్టింది. ఆ వివరాలు ఇక్కడ రాస్తే యజమాని ఊరుకోడు. ఒక చిన్న గిన్నె, చెంచా మీ వెంట ఉంచుకోండి.

రెండో రోజు మెథౌ నది వెంట పాటెరోస్‌కు దిగి షెలాన్ చేరాం. 50 మైళ్ళ పొడవు, 1,486 అడుగుల లోతు ఉన్న సరస్సు అది. ఎండ, పొడి కొండలు, యాపిల్ తోటలు, నన్నడిగితే కొంచెం నిద్రమత్తు. పళ్ళ దుకాణంలో కొన్న యాపిళ్ళు మాత్రం ఇంటికి వచ్చాక కూడా వారం తిన్నాం. శనివారం రాత్రి, దారిలో ముందున్న లెవెన్‌వర్త్ ఊళ్ళో గది వెతికితే 300 డాలర్లకు తక్కువ కనిపించలేదు. 22 మైళ్ళ ఇవతల వెనాచీలో మామూలు మోటెల్ 120కి దొరికింది. గుండ్రటి వేడి వాఫిల్, గది ముందే కారు, కిటికీలోంచి కొండకు బదులు గోడ. మళ్ళీ వెళ్ళినా అదే చేస్తాను.

లెవెన్‌వర్త్‌దీ వేషమే. కలప వ్యాపారం పడిపోయాక 1960లలో జర్మనీ బవేరియా పల్లెలా తిరగకట్టుకున్న ఊరు. ఉదయం తొమ్మిదికి చేరి పదకొండుకు బయటపడితే మంచిది. మేము మూడుకు బయటపడ్డాం. యూఎస్ 2 కూడా బిరుదున్న రోడ్డే, 2005 నుంచి నేషనల్ సీనిక్ బైవే. స్టీవెన్స్ పాస్ దాటి దిగాక గోల్డ్ బార్ దగ్గర కార్లు ఆగిపోయాయి. ఒక్కో వైపు ఒక్కటే వరస. ఆదివారం సాయంత్రం, సియాటిల్ జనమంతా ఇంటికి తిరిగే వేళ. గంటంపావు పాకాం. ఇక్కడ రోడ్డు పక్క ప్రైవేటు స్థలమే, అంగళ్ళూ ఉన్నాయి. బోర్డులు మాత్రం ఆయా దుకాణాలవే, అదీ కాస్త వినయంగా. నాన్నగారు వాటిని ఒక్కొక్కటే చదువుతూ వచ్చారు. అంత నెమ్మదిగా వెళుతున్నాం మరి.

ఒక గుడిసెలాంటి కాఫీ బండి కనిపించింది. అమ్మ ఆపమంది. వరసలోంచి పక్కకు తీస్తే మళ్ళీ లోపలికి ఎవరూ రానివ్వరని నేను, రానిస్తారని నాన్నగారు. ఆపాను. కప్పులతో తిరిగి వచ్చాక ఎర్ర పికప్ ట్రక్కు ఆయన ఒకరు చెయ్యి ఊపి దారి ఇచ్చారు.