ఈటింగ్ డిజార్డర్లకు పీర్ సపోర్ట్ ఉన్న రెసిడెన్షియల్ ప్రోగ్రాములు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ బెడిసికొడతాయి

అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేయడం), బులీమియా (అతిగా తిని వాంతులు లాంటివి చేసుకోవడం), బింజ్ ఈటింగ్ (అదుపు లేకుండా అతిగా తినడం) లాంటి ఈటింగ్ డిజార్డర్లున్న పెద్దవాళ్లు కొన్ని వారాలో నెలలో ఉండి చికిత్స తీసుకునే ఇళ్లలో ఒక రకం ఉంది. డాక్టరు, డైటీషియన్, థెరపిస్టులతో పాటు, అదే జబ్బు పడి కోలుకున్న మనిషి కూడా అక్కడ జీతం మీద పనిచేస్తారు. వాళ్లని పీర్ వర్కర్ అంటారు. ఆలోచన కొత్తదేం కాదు. తానూ అనొరెక్సియా నుంచి కోలుకున్న కెరొలిన్ కోస్టిన్ 1996లో కాలిఫోర్నియాలోని మాలిబులో మాంటె నిడో అనే ఇలాంటి కేంద్రం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలో ఈటింగ్ డిజార్డర్ల మీద పనిచేసే బటర్‌ఫ్లై ఫౌండేషన్ ఆ దేశపు తొలి రెసిడెన్షియల్ కేంద్రం వాండీ నెరిడాను 2021లో తెరిచింది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ పద్ధతి అసలు బలం కౌన్సెలింగ్ గదిలో కాదు, భోజనాల బల్ల దగ్గరా ఆ తర్వాతి గంటలోనూ కనబడుతుంది. అదే పీర్ వర్కర్ మీద అజమాయిషీ లేకపోతే మొదట చెడేదీ ఆ బల్లే. బ్రోషర్లో తోట ఫొటోలు, యోగా హాలు ఎంత బాగున్నా ఈ రెండూ అడగకుండా చేరొద్దు.

ఇది ఆస్పత్రి కాదన్న సంగతి చాలామందికి చేరేదాకా తెలియదు. నాడి నిమిషానికి 40 కంటే తక్కువున్నా, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతున్నా, పొటాషియం బాగా తగ్గినా, ఈసీజీలో క్యూటీ నిడివి (గుండె ఒక్కో కొట్టుకి మళ్లీ సిద్ధమయ్యే సమయం) పెరిగినా ముందు ఆస్పత్రి, తర్వాతే ఈ ఇల్లు. మంచి ప్రోగ్రాము చేర్చుకునే ముందే రక్తపరీక్షలు, ఈసీజీ, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, నాడి అడుగుతుంది. ఇవేవీ అడగకుండా అడ్వాన్సు కట్టమంటే అక్కడితో ఆగిపోండి.

పరీక్షల మీద ఇంత పట్టు ఎందుకంటే రీఫీడింగ్ సిండ్రోమ్, అంటే మళ్లీ తిండి మొదలెట్టినప్పుడు వచ్చే ప్రమాదం వల్ల. చాలాకాలం ఆకలితో ఉన్న శరీరానికి తిండి అందగానే ఇన్సులిన్ పెరుగుతుంది. దాంతో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రక్తంలోంచి కణాల్లోకి వెళ్లిపోతాయి. రక్తంలో అవి ఒక్కసారిగా పడిపోతే గుండె లయ తప్పుతుంది, ఊపిరి తీసే కండరాలు నీరసిస్తాయి. ముప్పు మొదటి వారంలో ఎక్కువ. అందుకే ముప్పున్నవాళ్లకి తిండి పెంచే ముందే థయమిన్ (బి1 విటమిన్) మొదలుపెట్టి, మొదట్లో ఈ మూడు లవణాలనూ తరచుగా పరీక్షిస్తారు. రక్తం రిపోర్టు అదే రోజు చేతికొస్తుందా, తేడా ఉంటే రాత్రిపూట ఏ డాక్టరు ఫోనెత్తుతారు అని అడగండి.

ఇక బల్ల సంగతి. రోజుకి మూడు భోజనాలు, రెండు మూడు స్నాక్సు ఉంటాయి. చాలాచోట్ల భోజనానికి అరగంట, స్నాక్‌కి పావుగంట గడువు. పీర్ వర్కర్ పక్కన కూర్చుని ఊరికే చూడరు, తామూ తింటారు. ఇదే కీలకం. సిబ్బంది నోట్‌బుక్ పట్టుకుని నిలబడి చూస్తే అది పరీక్ష హాలు. అదే పదార్థాలు వడ్డించుకుని, మామూలు వేగంతో తింటూ, మామూలు కబుర్లు చెప్పే మనిషి పక్కనుంటే ముద్ద కాస్త తేలిగ్గా దిగుతుంది. పక్కవాళ్లు ఆహారాన్ని ముక్కలు ముక్కలు చేస్తూ కూర్చుంటే పీర్ వర్కర్ అందరి ముందూ మందలించకూడదు. మెల్లగా పేరు పెట్టి పిలిచి, ‘తర్వాతి ముద్ద తీసుకుందాం’ అంటే చాలు. ‘భలే తిన్నావు’ అనే పొగడ్త కూడా వద్దు. ఆ మాట చాలామంది చెవికి ‘ఎక్కువ తిన్నావు’ అనే వినిపిస్తుంది. బల్ల దగ్గర కేలరీలు, బరువులు, బట్టల సైజులు, డైట్ల ప్రస్తావన నిషేధం. ఈ నిబంధన సిబ్బందికీ వర్తించాలి. సిబ్బందిలో ఒకరు ‘నేను రాత్రి అన్నం మానేశాను’ అంటే వారం రోజుల శ్రమ గాలికి పోతుంది.

గడువులోపు తినలేకపోతే ఏం చేస్తారో ముందే రాసి ఉండాలి. మిగిలినదానికి సరిపడా పోషక పానీయం ఇవ్వడం మామూలు పద్ధతి. దాన్ని శిక్షలా ఇస్తే పని చెడుతుంది, మందులా ఇస్తే పని జరుగుతుంది.

తిన్న తర్వాతి గంట ఇంకా కష్టం. అపరాధభావం, కడుపుబ్బరం, బాత్రూముకి పరుగెత్తాలన్న తహతహ అన్నీ ఒకేసారి వస్తాయి. కడుపు ఖాళీ అయ్యే వేగం మందగించి ఉంటుంది కాబట్టి కొంచెం తిన్నా నిండుగా అనిపించడం నిజమే, నటన కాదు. వాంతులూ విరేచనాల మందులూ ఆపేశాక కొన్ని వారాలు కాళ్లకి నీరు పట్టడమూ ఉంటుంది. డాక్టరు ఇదే మాట చెబితే తలూపి ఊరుకునే మనిషి, కోలుకున్నవాళ్లు ‘నాకూ వచ్చింది, తగ్గింది’ అంటే నమ్ముతారు. పీర్ వర్కర్‌కి ఇచ్చే జీతంలో సగం ఈ గంటకే చెల్లు. కానీ ఆ వాపు మామూలుదా, గుండెకి సంబంధించిందా అని తేల్చేది వాళ్లు కాదు, డాక్టరు.

వంటల వీడియోలు గంటలకొద్దీ చూడటం, ఎప్పుడూ తిండి గురించే ఆలోచించడం తమ బలహీనత అనుకునేవాళ్లు ఈ ఇళ్లలో చాలామంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలలు తిండి తగ్గించి చూస్తే వాళ్లలోనూ ఇదే కనబడింది, తిండి పెంచాక కూడా చాలామందిలో కొంతకాలం పోలేదు. ఇది బలహీనత కాదు, ఆకలి చేసే పని అని మంచి ప్రోగ్రాములు మొదటి వారంలోనే చెబుతాయి, సిగ్గు సగం తగ్గుతుంది.

బరువు చూసే పద్ధతిలో రెండు దారులున్నాయి. అంకె కనబడకుండా రోగిని కాటా మీద వెనక్కి తిప్పి నిలబెట్టి చూసేది ఒకటి. వారానికోసారి థెరపిస్టుతో కలిసి చూసి, గ్రాఫు గీసి, ఆ అంకె గురించి మాట్లాడేది రెండోది. సీబీటీ-ఈ అనే, ఈటింగ్ డిజార్డర్లకు ఆలోచనల, అలవాట్ల మీద పనిచేసే చికిత్సలో ఇలాగే చేస్తారు. మొదట్లో దాచినా ఫరవాలేదు. కానీ ఇంటికెళ్లేదాకా దాచే ప్రోగ్రాము మాకు నచ్చదు, ఎందుకంటే బయట కాటా ప్రతిచోటా ఉంటుంది.

పీర్ వర్కర్ ఎంపికలో నాలుగు సంగతులు చూడాలి. ఎంతకాలంగా నిలకడగా ఉన్నారు (కనీసం రెండేళ్లు ఉంటే మాకు ధైర్యం), శిక్షణ ఏమిటి, వారానికోసారైనా పైఅధికారితో మాట్లాడే వేళ ఉందా, తమకే మళ్లీ లక్షణాలు మొదలైతే ఉద్యోగం పోకుండా సెలవు తీసుకునే వీలుందా. నాలుగోది చాలాచోట్ల ఉండదు. ఉండకపోతే వాళ్లు దాచిపెడతారు, బల్ల దగ్గర తినడం తగ్గిస్తారు, అది అందరికంటే ముందు రోగులకే తెలిసిపోతుంది.

తమ కథ ఎంత చెప్పాలన్నదానికీ హద్దుండాలి. భయం ఎలా తగ్గిందో చెప్పొచ్చు. ఎంత బరువు తగ్గారో, ఏం చేసి దాచారో చెప్పకూడదు, అది పాఠం అయిపోతుంది. నిద్రమాత్రలు పంచడం, సొంత నంబర్ ఇవ్వడం, ‘ఎవరికీ చెప్పనులే’ అని మాటివ్వడం కుదరదు. ప్రాణానికి ముప్పున్న మాట విన్నారంటే టీముకి చెప్పి తీరాలి, ఆ సంగతి చేరిన రోజే అందరికీ తెలియాలి.

ఈ ఇళ్లలో ఉండే రోగుల మధ్య పోటీ కూడా తక్కువేం కాదు. ఎవరు ఎక్కువ జబ్బుగా ఉన్నారు, ఎవరికి ముక్కులోంచి తిండి ట్యూబు పెట్టారు అన్న పోలికలు మొదలవుతాయి. బరువు ఎక్కువున్న మనిషీ అనొరెక్సియాలో లాగే తిండి తగ్గించేసి ఉండొచ్చనీ, బింజ్ ఉన్న మనిషీ రోజంతా కడుపు మాడ్చుకుని ఉండొచ్చనీ సిబ్బందికే తెలియకపోతే, ఆ ఒక్కరికి మాత్రం చిన్న పళ్లెం వడ్డిస్తారు. ఇలాంటి ఇల్లు చేటు చేస్తుంది. అందరి మీల్ ప్లానూ లెక్కలో తేడా ఉన్నా భయంలో తేడా ఉండదని నడిపేవాళ్లకి తెలియాలి.

చివరి వారాల్లో పని బల్ల నుంచి వంటింటికి జరగాలి: సొంతంగా వడ్డించుకోవడం, సరుకులు కొనడం, వండటం, హోటల్లో ఆర్డరివ్వడం, ఒక రాత్రి ఇంట్లో ఉండి రావడం. వడ్డించి పెట్టడంతోనే సరిపెట్టిన చోట నుంచి వచ్చినవాళ్లు ఇంట్లో మొదటి పళ్లెం దగ్గరే ఆగిపోతారు.

‘ఇంత శాతం మంది కోలుకున్నారు’ అనే ప్రకటనని మేం లెక్కలోకి తీసుకోం. అవుట్‌పేషంట్ థెరపీల మీద జరిగినంత పకడ్బందీ పరీక్ష ఈ ఇళ్ల మీద జరగలేదు. ఎప్పుడు లెక్కపెట్టారు, మధ్యలో మానేసినవాళ్లని కలిపారా అని అడిగితే జవాబు ఎలా వస్తుందో చూడండి.

చేరేది పెద్దవాళ్లు కాబట్టి సాధారణంగా మధ్యలో వెళ్లిపోయే హక్కు ఉంటుంది. అలా వెళ్లేటప్పుడు డాక్టరు ఏం పరీక్షిస్తారు, ఇంటివాళ్లకి ఎవరు చెబుతారు (రోగి ఒప్పుకుంటేనే), మిగిలిన వారాల డబ్బు తిరిగిస్తారా అన్నది కాగితం మీద తీసుకోండి. డిశ్చార్జ్ రోజున చేతిలో నాలుగు ఉండాలి: ఏడు రోజుల్లోపు మొదటి అవుట్‌పేషంట్ అపాయింట్‌మెంట్ తేదీ, మీల్ ప్లాన్, ఏ లక్షణాలు కనబడితే ఎవరికి ఫోన్ చేయాలో రాసిన పేజీ, పీర్ వర్కర్ ఎన్ని వారాలు, వారానికి ఎన్నిసార్లు, ప్రోగ్రాము నంబర్ నుంచి పలకరిస్తారో ఖరారు చేసిన షెడ్యూలు. నాలుగోది ఫీజులో కలిసి ఉందో, విడిగా కట్టాలో చేరేరోజే కనుక్కోండి.