డెప్త్ ఆఫ్ ఫీల్డ్ కాలిక్యులేటర్: ఆరేళ్లు వాడాక

నల్లగొండలో పెళ్లి ఫొటోలు తీస్తాను. తీరిక దొరికితే కెమెరా పట్టుకుని పానగల్లు గుళ్ల వైపు వెళతాను. డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ఫొటోలో ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా స్పష్టంగా (షార్ప్‌గా) వస్తుందో లెక్కగట్టే ఉచిత యాప్ ఒకటి ఆరేళ్లుగా నా ఫోన్‌లో ఉంది.

దాన్ని వేసుకోవడానికి కారణం ఒక గ్రూప్ ఫొటో. మిర్యాలగూడ దగ్గర రాత్రి పెళ్లి, వెలుగు తక్కువ. క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరా, 50 ఎంఎం లెన్స్. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్/1.8 పెట్టి (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, షార్ప్‌గా వచ్చే మేర తగ్గుతుంది), ముందు కూర్చున్నవాళ్ల మీద ఫోకస్ చేసి మూడు వరుసల చుట్టాలను తీశాను. కెమెరా స్క్రీన్ మీద బాగానే కనిపించింది. ఆల్బమ్ ఇచ్చాక పెళ్లికొడుకు ఫోన్ చేసి, "అన్నా, వెనక నిలబడ్డ మా తాత మొఖం మసకగా వచ్చింది" అన్నాడు. చాలా బాధ వేసింది. ఆ ఫొటో మళ్లీ తీయలేం కదా.

తర్వాత అవే అంకెలు యాప్‌లో వేసి చూశాను. 6 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే దాని వెనక సుమారు 56 సెంటీమీటర్లే షార్ప్. తాత నిలబడింది మీటరుకు పైగా వెనక. ఫోకస్‌కు ముందువైపు దక్కిన 47 సెంటీమీటర్లలో మనుషులే లేరు, అదంతా వృథా. అదే 6 మీటర్లలో నడి వరుస ఉండేలా నిలబడి ఎఫ్/5.6 పెడితే 4.7 నుంచి 8.2 మీటర్ల దాకా వస్తుంది. అప్పటినుంచి గ్రూప్ ఫొటోకు వెలుగు చాలకపోతే ఫ్లాష్ వేస్తాను, ఐఎస్ఓ (కెమెరా వెలుగు సున్నితత్వం) పెంచుతాను. అపర్చర్‌ను మాత్రం ఇంకా తెరవను.

అయితే యాప్ చెప్పిందే వేదం కాదు. ఈ విషయం నాకు రెండేళ్లకు గానీ అర్థం కాలేదు. దాని లెక్క మామూలుగా 8×10 అంగుళాల ప్రింట్‌ను 25 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తారని అనుకుని వేసింది. మన పెళ్లి ఆల్బమ్ షీటు 12×36. ఒక్క ఫొటో సగం షీటు నిండితే దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దది. పైగా ఇంట్లోవాళ్లు ఒళ్లో పెట్టుకుని ఒక్కో మొఖాన్నీ వెతుక్కుంటారు. అందుకే యాప్ ఎఫ్/5.6 అంటే నేను ఎఫ్/8 పెడతాను. ఫొటోను బాగా క్రాప్ చేయాల్సి వచ్చినా ఇదే లెక్క.

గుళ్లలో మాత్రం యాప్ మీద పూర్తి నమ్మకం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మండపంలో దగ్గరి స్తంభం మీది చెక్కడమూ కావాలి, వెనక గర్భగుడి ద్వారమూ కావాలి. 18 ఎంఎం, ఎఫ్/8కి హైపర్‌ఫోకల్ దూరం (ఎక్కడ ఫోకస్ పెడితే చివరిదాకా షార్ప్‌గా వస్తుందో ఆ దూరం) 2 మీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే 1 మీటరు నుంచి చివరిదాకా అంతా షార్ప్. కొత్తలో తెలియక ఎఫ్/22 పెట్టేవాణ్ణి. రంధ్రం మరీ చిన్నదై వెలుగు చెదిరి (డిఫ్రాక్షన్) చెక్కడం మొత్తం మసకబారేది.

ఇబ్బంది దూరం కొలవడంలోనే. కిట్ లెన్స్ మీద దూరం గీతలు ఉండవు. అడుగులతో కొలుస్తాను, అదీ లెన్స్ అంచు నుంచి కాదు, కెమెరా పైన సెన్సర్ గుర్తు ఉన్న చోటు నుంచి. మండుటెండలో ఫోన్ స్క్రీన్ కనిపించదు. అందుకని నేను ఎక్కువగా వాడే ఆరు కొలతలు చీటీ మీద రాసి బ్యాగ్ మూత లోపల అతికించాను. పెళ్లిలో ఫోన్ తీసే తీరిక ఎక్కడిది, ఆ చీటీయే చూస్తాను.