ప్రకటనల పుటలు లేని పంతులుగారు: పాత పత్రికల స్కాన్ ప్రతులపై ఒక పాఠకుని సమీక్ష

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితాన్ని ఆయన నడిపిన పత్రికల్లోనే చదువుకోవాలన్న పట్టుదలతో ఆంధ్రపత్రిక, భారతి పాత సంచికల స్కాన్ ప్రతులను ఏళ్ళ తరబడి వాడుతున్నాను. అవి ఎక్కడ దొరుకుతాయో, ఎలా దించుకోవాలో ఆసక్తి ఉన్నవారికి తెలిసిన సంగతే కనుక ఆ వివరాల జోలికి పోను. పంతులుగారిని దేశోద్ధారకుడని ఎందుకు పిలిచారో కూడా కొత్తగా చెప్పనక్కరలేదు. నా బాధంతా ఒక్క విషయం గురించి: ఈ ప్రతుల్లో ప్రకటనల పుటలు లేవు. నేను చూసిన సంపుటాల్లో చాలావాటికి ముఖపత్రం ఊడబెరికి, ముందూ వెనుకా ఉండే ప్రకటనల కాగితాలు తీసిపారేసి, వ్యాసాలూ కవితలూ ఉన్న పుటలను మాత్రం కలిపి కుట్టించారు.

మరొక పత్రిక విషయంలో అయితే ఇది చిన్న లోపమని సరిపెట్టుకునేవాణ్ణి. పంతులుగారి విషయంలో మాత్రం సగం జీవితం అక్కడే పోయింది. ఆయన బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. ఆంధ్రపత్రికను వారపత్రికగా అదే బొంబాయిలో ప్రారంభించింది 1908లో, దినపత్రికగా మద్రాసులో వెలువరించింది 1914 ఏప్రిల్ 1న, భారతి మాసపత్రికను తెచ్చింది 1924లో. అంటే మందుసీసా పత్రిక కంటే పదిహేనేళ్ళు ముందు పుట్టింది. తలనొప్పి మందు అమ్మగా వచ్చిన డబ్బుతో ఒక జాతీయోద్యమ పత్రికను నిలబెట్టి, దాని పక్కనే సాహిత్య మాసపత్రికను, ఆంధ్ర గ్రంథమాల అనే పుస్తక ప్రచురణ సంస్థను నడిపి, కొమర్రాజు లక్ష్మణరావుగారి మరణానంతరం విజ్ఞాన సర్వస్వం పనిని కూడా తలకెత్తుకున్న మనిషి లెక్కలు ఎలా సరిపెట్టుకున్నాడన్నది నా ప్రశ్న. దానికి జవాబు సంపాదకీయాల్లో దొరకదు. ఏ సంచికలో ఎవరి ప్రకటన ఎంత మేర అచ్చయిందో, అందులో సొంత సరుకు ఎంతో, బయటివారిది ఎంతో చూస్తే గాని పత్రిక తన కాళ్ళ మీద తాను నిలబడిందా, అమృతాంజనం భుజాన ఎక్కి నడిచిందా అన్నది ఊహకు కూడా అందదు.

ఈ నష్టానికి స్కాన్ చేసినవారిని పూర్తిగా తప్పుపట్టలేను. గ్రంథాలయాలు మాసపత్రికలను ఏడాదికో అర్ధ సంవత్సరానికో ఒకసారి బైండింగుకు పంపుతాయి. అట్ట మరీ లావెక్కకుండా ఉండాలని, ఎలాగూ ఎవరూ చదవరని, బైండరు మొదట తీసేసేది ప్రకటనల కాగితాలనే. అలా కుట్టిన సంపుటాన్ని తెచ్చి యంత్రం కింద పెడితే లేని పుటలు ఎక్కడ నుంచి వస్తాయి? అయితే పుటలు ఉండి కూడా వదిలేసిన సందర్భాలు ఉన్నాయి. ఒక సేకరణ నిర్వాహకులకు ఈ విషయమై లేఖ రాస్తే, పుటసంఖ్య లేని కాగితాలను స్కాన్ చేయడం తమ పద్ధతి కాదని మర్యాదగానే జవాబిచ్చారు. ప్రకటనల కాగితాలకు సాధారణంగా పుటసంఖ్య వేయరు గదా. ఒకటి నుంచి చివరి అంకె దాకా వరుస తప్పకుండా ఉంటే చాలు, సంపుటం సమగ్రమని వారి దస్త్రంలో నమోదవుతుంది.

ఈ విసుగులో ఉండగానే ఒక పరిచయస్థుల ఇంటి అటక మీద నుంచి దిగిన భారతి సంపుటం ఒకటి, ఫోటోలుగా తీసిన రూపంలో, నా చేతికి వచ్చింది. దాన్ని బైండు చేయించిన పెద్దాయన ఎవరో గాని, వచ్చిన సంచికను వచ్చినట్టే కుట్టించారు. ముఖపత్రం మీద తెలుగు సంవత్సరం పేరు, మాసం పేరు చెక్కు చెదరకుండా ఉన్నాయి. దాని వెంటనే వ్యాసాల కాగితం కంటే పలుచని, ముదురు రంగు కాగితాలు కొన్ని. తుప్పు పట్టిన తీగ మరక ఒకటి అన్నింటిలోనూ ఒకే చోట దిగింది. వాటిలో ఒక పుట నిండా అమృతాంజనం ప్రకటన, ఆ కాగితం వెనుక వైపున గ్రంథమాల పుస్తకాల పట్టిక, వాటి వెలలు. నేను అంతకు ముందే స్కాన్‌లో చదివిన సంచికే అది. శాసనాల మీద పరిశోధన వ్యాసాలూ పద్యాలూ చదివి, పండితుల కోసం పండితులు నడిపిన పత్రిక అనుకుని మూసేసిన సంచికే, ఈ నాలుగు కాగితాలు చేరగానే వేరే వస్తువైపోయింది. సంగీత కచేరీల్లో అమృతాంజనాన్ని ఉచితంగా పంచి పేరు తెచ్చిన వ్యాపారి, ఆ మెలకువనే పుస్తకాలకూ వాడుతున్నాడని ఆ ఒక్క కాగితం రెండు వైపులా చూస్తే తెలిసిపోయింది. మందు కోసం పుట తిప్పినవాడి కంట పుస్తకం పడాలి, పుస్తకం కోసం వచ్చినవాడికి మందు పేరు నాలుక మీద ఆడాలి.

దీనిని బట్టి పెద్ద సిద్ధాంతం కట్టడానికి నేను సిద్ధంగా లేను. ఒక్క సంపుటంతో పాళ్ళు తేలవు. సొంత ప్రకటనలకు పత్రిక ఖాతాలో డబ్బు జమ అయ్యేదా లేక ఊరికే వేసుకునేవారా అన్నది ప్రకటన చూసి చెప్పగలిగేది కాదు, ఖాతా పుస్తకాలు కావాలి. కాని ఏం అడగాలో నాకు తెలిసివచ్చింది మాత్రం ఆ రంగు కాగితాల వల్లనే.

ఈ స్కాన్ ప్రతులను గురించి నేను గతంలో చాలామందికి చాలా గొప్పగా చెప్పాను. ఆ మాటల్లో కొన్నింటిని కొంచెం తగ్గించుకోవలసి ఉంది. ఇంట్లో కూర్చుని, రూపాయి ఖర్చు లేకుండా 1920ల నాటి పుటలు తిరగేయవచ్చునన్నది ఇప్పటికీ నిజమే. కాని కుట్టు లోతుగా పడినచోట ప్రతి పంక్తి చివరి రెండక్షరాలు మడతలోకి పోతాయి, వాటిని ఊహించి చదువుకోవాలి. మాటను బట్టి వెతికే సౌకర్యం ఉందని ఒకప్పుడు సంబరపడ్డాను. అరసున్నలూ బండిరాలూ నిండిన ఆ కాలపు అచ్చును యంత్రం చదివే తీరు చూశాక దాని మీద ఆధారపడటం మానుకున్నాను. ముఖపత్రం లేని సంచికల విషయంలో తేదీ కూడా అనుమానమే. భారతి మొదటి సంచిక నాటికి నడుస్తున్న తెలుగు సంవత్సరం రుధిరోద్గారి. నాలుగు నెలలైనా గడవకముందే ఉగాది వచ్చి రక్తాక్షి అయింది. ఫైలు పేరులో 1924 అని మాత్రమే ఉంటే అది ఏ సంవత్సరాది వైపుదో లోపలి వ్యాసాలను పట్టుకుని తేల్చుకోవలసిందే.

రాజకీయ చరిత్ర కోసం వచ్చేవారికి ఈ లోపాలు అంతగా అడ్డు రావు. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షునిగా పంతులుగారి కాలం, ఉప్పు సత్యాగ్రహం, జైలు, ఆయన మద్రాసు ఇంట్లోనే 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం, ఇవన్నీ పుటసంఖ్య ఉన్న పుటల్లో దొరికే విషయాలు. రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ అన్న వాదం లేచినప్పుడల్లా ఆ ఒప్పందం కోసం వెతికేవారు పుటలు ఉన్నంతలో సంతృప్తి పడవచ్చు. 1938 ఏప్రిల్ 11న ఆయన కన్నుమూసిన తరువాత పత్రిక బాధ్యత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారి మీద పడింది. ఆ మార్పును పాఠకునిగా అనుసరించడానికి కూడా ఈ ప్రతులు పనికివస్తాయి, నేను వాడుకున్నాను.

నా వంటి వాని మాటను తూచి తీసుకోవాలి. నేను విశ్వవిద్యాలయ పరిశోధకుణ్ణి కాను, మద్రాసు వెళ్ళి గ్రంథాలయాల్లో నెలల తరబడి కూర్చునే వీలు నాకు లేదు, కనుక ఈ స్కాన్‌లు లేకపోతే పంతులుగారి పత్రికలు నాకు అసలే దక్కవు. ఆ లెక్కన ఇవి వాడమనే చెబుతాను. పత్రికల ఆర్థిక చరిత్ర రాయాలనుకునేవారు మాత్రం వీటితో పని మొదలుపెట్టకుండా, విడి సంచికలు దాచుకున్న ఇళ్ళ కోసం ముందు వాకబు చేయడం మంచిది. ఎవరి ఇంట్లోనైనా అట్ట వేయించని భారతి సంచికలు ఉంటే, బైండింగుకు ఇచ్చే ముందు రంగు కాగితాలను ఒకసారి ఫోటో తీసి ఉంచండి.