సింగపూర్–టోక్యో విమానం: నరిటానా, హనేడానా?

టోక్యోకి నరిటా, హనేడా అని రెండు విమానాశ్రయాలున్నాయి. సింగపూర్ నుంచి టోక్యోకి ఆకాశమార్గంలో దూరం సుమారు 5,300 కిలోమీటర్లు. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే ఆరు గంటల్లోపే చేరాలి. టికెట్ మీద మాత్రం దాదాపు ఏడు గంటలని ఉంటుంది. సింగపూర్ విమానాశ్రయం చాంగిలో గేటు వదిలి రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం, అక్కడ మళ్లీ గేటు చేరడం అన్నీ కలిపి చెప్పే లెక్క అది.

వచ్చేటప్పుడు ఇంకాస్త ఎక్కువ పడుతుంది. జపాన్ మీదుగా పడమర నుంచి తూర్పుకి చాలా ఎత్తున వీచే బలమైన గాలి, అదే జెట్ స్ట్రీమ్, చలికాలంలో మంచి జోరు మీద ఉంటుంది. జనవరిలో వెళ్తుంటే జపాన్ దగ్గర పడ్డాక సీటు ముందు స్క్రీన్‌లో వేగం 1,100 దాటింది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై, చాలాసేపు 750 దగ్గరే ఉండిపోయింది.

అసలు టెన్షన్ రాత్రి విమానంతోనే. పదకొండింటికి బయల్దేరితే ఏడు గంటల ప్రయాణం, గంట టైమ్ తేడా కలిపి ఉదయం ఏడింటికి దిగుతాం. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఎక్కగానే ట్రాలీ చప్పుడు, దిగడానికి రెండు గంటల ముందే లైట్లు వేసి టిఫిన్. మధ్యలో కునుకు పడితే మూడు నాలుగు గంటలు. టోక్యో హోటళ్లలో చెక్-ఇన్ చాలావరకు మధ్యాహ్నం మూడింటికి. సామాను ముందే తీసుకుని పెడతారు, గది మాత్రం ఇవ్వరు. ఆ ఎనిమిది గంటలు కళ్లు మూతలు పడుతూ తిరగాల్సిందే.

అందుకే నా ఓటు హనేడాకి. ఊరికి దగ్గర. మోనోరైలెక్కితే 500 యెన్‌ల చిల్లరతో ఊళ్లోని హమామత్సుచో స్టేషన్ చేరిపోవచ్చు. టెర్మినల్ 3కి ఆనుకుని ఉన్న హోటల్లో పై అంతస్తున వేడినీటి స్నానశాల ఉంది. అక్కడ గది తీసుకోకపోయినా డబ్బు కట్టి స్నానం చేయొచ్చు. నిద్రలేని ఒంటికి అంతకంటే ఏం కావాలి!

నరిటా నగరానికి 60 కిలోమీటర్ల పైచిలుకు. నరిటా ఎక్స్‌ప్రెస్ రైల్లో టోక్యో స్టేషన్‌కి సుమారు గంట, టికెట్ 3,000 యెన్‌ల పైమాటే. స్కైలైనర్ అనే ఇంకో రైలైతే ఊళ్లోని నిప్పోరి స్టేషన్‌కి 40 నిమిషాల లోపే. చౌక విమానాలు ఎక్కువగా దిగేది ఇక్కడే కాబట్టి, టికెట్‌లో మిగిలిన దాంట్లో కొంత రైలుకే పోతుంది. ఒకసారి మా విమానం ఆలస్యమై రాత్రి బాగా పొద్దుపోయి నరిటాలో దిగాం. చివరి రైలు వెళ్లిపోయింది. టెర్మినల్ 2 దగ్గరున్న క్యాప్సూల్ హోటల్లో చోటు దొరికింది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు వైపులు, పడుకోవడానికి ఒక గూడు, షవర్ మాత్రం శుభ్రంగా ఉంది. ఒక రాత్రికి ఢోకా లేదు. పిల్లలతో అయితే నేను వెళ్లను.

పగటి విమానం దొరికితే వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ అడగండి. మబ్బు లేకపోతే దిగే ముందు ఫుజి కనిపిస్తుంది. వచ్చేటప్పుడు కుడివైపు. హనేడా టికెట్ మరీ ఖరీదుంటే నరిటాకే వెళ్లండి, కానీ సాయంత్రం ఆరులోపు దిగే విమానమే చూసుకోండి.