కెనాన్ ఆర్7తో విశాఖ గద్దలు: 30 ఫ్రేములు చూసి కొనకండి

కెనాన్ ఈఓఎస్ ఆర్7 కెమెరా గురించి ఎవర్ని అడిగినా ముందు చెప్పేది సెకనుకు 30 ఫ్రేముల (ఫొటోల) సంగతే. ఫిషింగ్ హార్బర్‌లో గద్దల కోసం కొనేవాళ్ళు మొదట పక్కన పెట్టాల్సింది ఆ అంకెనే. ఆ వేగం ఎలక్ట్రానిక్ షట్టర్‌లోనే, అంటే కదిలే తెర లేకుండా బొమ్మను పట్టే సెన్సర్‌నే చదివే పద్ధతిలోనే వస్తుంది. సెన్సర్‌ను పైనుంచి కిందిదాకా చదవడానికి ఈ కెమెరాకు సుమారు 1/30 సెకను పడుతుంది. షట్టర్ స్పీడు 1/4000 పెట్టినా ఆ చదివే సమయం తగ్గదు. ఈలోపు రెక్క చోటు మారిపోయి ఫొటోలో వంకర తిరిగి కనిపిస్తుంది. గద్దతోపాటు కెమెరా తిప్పుతుంటే వెనకున్న బోటు స్తంభాలు కూడా ఒరిగిపోతాయి. రెక్కలు చాచి గాలిలో తేలే గద్దకైతే ఫర్వాలేదు గానీ, చేప మీదికి దూకేదానికి పనికిరాదు. షట్టర్ పూర్తిగా నొక్కకముందు అర సెకను నుంచే ఫొటోలు దాచిపెట్టే రా బర్స్ట్ మోడ్‌కూ ఇదే జబ్బు.

దీని అసలు బలం మెకానికల్ షట్టర్‌లో, అంటే నిజంగా కదిలే తెరతో, సెకనుకు వచ్చే 15 ఫ్రేములు. చప్పుడు ఎక్కువే, కానీ చేపల వేలంపాట కేకల మధ్య గద్దలు దాన్ని లెక్కచేయవు. రా ఫైళ్ళు (సెన్సర్ సమాచారమంతా ఉండే ఫొటోలు) దాదాపు 50 పడేసరికి కెమెరా తాత్కాలిక మెమరీ (బఫర్) నిండి కెమెరా నత్తనడక నడుస్తుంది. అంటే మూడు సెకన్ల పైచిలుకే. ఫైళ్ళు చిన్నవయ్యే సీ-రాకు మార్చి, వేగంగా రాసుకునే యూహెచ్‌ఎస్-2 కార్డు వేస్తే ఊపిరాడుతుంది. గద్ద తల దించి కాళ్ళు ముందుకు చాచినప్పుడు నొక్కి, నీళ్ళు వదిలి లేవగానే వేలు తీయాలి.

ఫోకస్ విషయంలో మెచ్చుకోవాల్సిందీ తిట్టుకోవాల్సిందీ రెండూ ఉన్నాయి. ఖాళీ ఆకాశంలో సర్వో ఏఎఫ్ (కదిలేదాన్ని వెంటాడే ఆటోఫోకస్), సబ్జెక్ట్ ‘జంతువులు’, కంటి గుర్తింపు ఆన్‌లో ఉంటే గరుడ పక్షి కన్ను ఇట్టే పట్టేస్తుంది. అదే పక్షి మరబోట్ల ముందుకు దిగిందంటే, ఫ్రేమ్ అంతా ఏఎఫ్‌కి వదిలేసినవాళ్ళకు తాళ్ళూ స్తంభాలే స్పష్టంగా వస్తాయి. మొదట చిన్న జోన్‌తో పక్షిని పట్టుకుని, ట్రాకింగ్‌కు అప్పగించాలి. ఏఎఫ్ సెట్టింగుల్లో అడ్డంకుల్ని పట్టించుకోని ‘కేస్ 2’ ఇక్కడ నయం. ఫోకస్ దొరకనప్పుడు లెన్స్ అటూఇటూ వెతుక్కునే సెట్టింగును ఆపేయండి. లేకపోతే ఒకసారి తప్పిందంటే, అది మళ్ళీ కుదురుకునేలోపు గద్ద వెళ్ళిపోతుంది. ఇంత చేసినా మంచి వరుసలో మధ్యమధ్య ఒకటి రెండు ఫ్రేములు జారతాయి. ఆర్7 వాడేవాళ్ళకు అది అలవాటైన బాధే.

ఎక్స్‌పోజర్ ఆటోకు వదిలితే గరుడ పక్షి తెల్లని తల సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. పక్షి ముదురు రంగు బోటు పక్కనుంచి వెలుతురు ఆకాశంలోకి లేచే క్షణంలో కెమెరా వెలుతురు లెక్క (మీటరింగ్) తారుమారవుతుంది, పక్షి మీద ఎండ మాత్రం మారదు. అందుకే అన్నీ చేత్తో పెట్టుకునే పూర్తి మాన్యువల్. వేసవి పొద్దున ఎనిమిదింటికి ఎండ తేటగా ఉంటే షట్టర్ 1/2500, లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్/8, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 800 దగ్గర మొదలుపెట్టి, తల మీద ఈకల గీతలు కనిపించేదాకా సవరించుకోవచ్చు. నల్లగద్దలకైతే ఇంకో స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు ఇవ్వాలి.

లెన్సుల్లో కెనాన్ ఆర్ఎఫ్ 100-400 మి.మీ. జూమ్ బరువు 635 గ్రాములే. గంటలకొద్దీ చేత్తో పట్టుకోవచ్చు. కానీ 400 దగ్గర ఎఫ్/8 కంటే ఎక్కువ తెరుచుకోదు, వెలుతురు తక్కువ; పైగా తేమ లోపలికి రాకుండా సీలింగ్ లేదు, హుడ్ కూడా విడిగా కొనుక్కోవాలి. జెట్టీ మీద ఉప్పుగాలికి ఇది చిన్న లోపం కాదు. డబ్బు సర్దుకోగలిగితే సీలింగ్ ఉన్న 100-500 తీసుకోండి. అది 1.4 కిలోలకు దగ్గరగా ఉంటుంది, మోయక తప్పదు. ఆర్7 సెన్సర్ చిన్నది, క్రాప్ 1.6 రెట్లు కాబట్టి 500 అన్నది ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 800 మి.మీ. లెన్స్ ఇచ్చే చూపునిస్తుంది. ఎండ ముదిరాక సిమెంటు నేల మీద గాలి అలలాడి ఏ లెన్స్‌తో తీసినా ఈకలు మెత్తబడతాయి. ఆ పాపం చాలామంది కెమెరా మీద వేస్తారు.

పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కాబట్టి వీపు తూర్పుకు పెట్టి నిలబడాలి. పోర్టు, నౌకాదళం వైపు నిషేధ బోర్డులున్నచోట లెన్స్ ఎత్తకండి. శీతాకాలంలో విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ సరస్సు వేరే పరీక్ష. తాటిదోనెలో ట్రైపాడ్ దండగ. తుంగ మీద తక్కువ ఎత్తులో తిరిగే మార్ష్ హారియర్ (గద్దలాంటి వేటపక్షి)ను వదిలి ఏఎఫ్ వెనకున్న తుంగనే పట్టుకుంటుంది. అది గట్టు దాటి నీటి మీదికి వచ్చేదాకా ఆగడమే మార్గం.

ఏసీ కారులోంచి దిగిన వెంటనే బ్యాగు తెరవకండి. లెన్స్ అద్దం మీద తేమ పేరుకుంటుంది, అరగంట మూసే ఉంచాలి. తిరిగొచ్చాక కొద్దిగా తడిపిన గుడ్డతో ఉప్పు తుడిచి, పూర్తిగా ఆరాక తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. జెల్ రంగు మారితే వెంటనే ఆరబెట్టండి. వానాకాలం ఆ పని మరిచారంటే లెన్స్ లోపల బూజు మొదలవుతుంది.